నూటికి ఎంత పడుతోంది?
అప్పులు, ఇంటి ఖర్చుల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో వడ్డీ ఒక్కొక్కరికి ఒక్కో రూపంలో కనిపిస్తోంది. బ్యాంకు ఏడాదికి ఇంత శాతం అంటుంది. కార్డు కంపెనీ నెలకు ఇంత అంటుంది. ఫైనాన్సు వాళ్లు రోజుకు వంద చాలంటారు. ఫోన్లో అప్పిచ్చే యాప్ అయితే వడ్డీ మాటే ఎత్తదు. ఇలా ఉంటే ఏది భారమో, ఏది తేలికో తెలియదు. అందుకే కింది జవాబుల్లో అన్నిటినీ మనవాళ్లు ఎప్పుడూ వాడే కొలతలోకి మార్చాం: నూటికి నెలకు ఎన్ని రూపాయలు.

ప్రశ్న: నెలకు 38,000 చేతికొస్తుంది. అద్దె 12,000. రెండు క్రెడిట్ కార్డుల మీద 80,000, 45,000 బాకీ ఉంది. ఏడాదిగా రెండింటికీ మినిమమ్ డ్యూ (నెలకు కనీసం కట్టాల్సిన సొమ్ము) తప్పకుండా కడుతున్నాను. అయినా బాకీ కదలడం లేదు. రెండుసార్లు ఒక కార్డులో నగదు తీసి ఇంకోదానికి కట్టాను. ఇంట్లో నాలుగు తులాల బంగారం ఉంది కానీ తాకట్టు అంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. – ప్రైవేటు ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: బాకీ ఎందుకు కదలడం లేదో ముందు చూడండి. చాలా కార్డుల వడ్డీ నెలకు 3.5 శాతం దగ్గర ఉంటుంది, అంటే మూడున్నర రూపాయల వడ్డీ. దాని మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిస్తే నాలుగు రూపాయల పైమాటే. మీ 1,25,000 మీద నెలకు వడ్డీ 4,375, జీఎస్టీ 787, మొత్తం 5,162. మినిమమ్ డ్యూ బాకీలో 5 శాతం అనుకుంటే మీరు కట్టేది 6,250. అందులో అసలుకు చేరేది 1,088 మాత్రమే. నెల మధ్యలో ఒక్కసారి పెట్రోలు, ఒక్కసారి కిరాణా కార్డు మీద గీకితే ఆ వెయ్యీ మళ్లీ బాకీలోకి చేరిపోతుంది. మినిమమ్ కడితే లేటు ఫీజు పడదు, సిబిల్‌లో, అంటే మీ అప్పుల చరిత్ర చెప్పే రిపోర్టులో, మచ్చ పడదు. అంతకుమించి దానివల్ల ఒరిగేది లేదు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. 45 రోజులు వడ్డీ ఉండదన్నది గత బిల్లు పూర్తిగా కట్టినవాళ్లకే. పాత బాకీ ఉన్న కార్డు మీద కొత్తగా ఏది కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. నగదు తీయడం మరీ ఘోరం. తీసిన రోజు నుంచే వడ్డీ, దానికి తోడు సాధారణంగా 2.5 శాతం దాకా ఫీజు, ఆ ఫీజు మీద జీఎస్టీ. ఒక కార్డుతో ఇంకో కార్డు బిల్లు కట్టడం ఈ నెలతో ఆపేయండి. రెండు కార్డులనూ షాపింగ్ యాప్‌ల నుంచి, యూపీఐ నుంచి తీసేయండి. పర్సులోనూ ఉంచకండి.

తర్వాత ఈ బాకీని తక్కువ వడ్డీలోకి మార్చాలి. దారులు రెండున్నాయి.

మొదటిది పర్సనల్ లోను. ఒక్క కిస్తీ కూడా తప్పలేదంటున్నారు కాబట్టి జీతం పడే బ్యాంకులోనే ముందు అడగండి. 15 శాతానికి, అంటే రూపాయి పావలా వడ్డీకి, 1,25,000 రెండేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 6,061. ఇప్పుడు కట్టే మినిమమ్ కంటే తక్కువే, పైగా 24 నెలల్లో బాకీ సున్నా అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, ముందే తీర్చేస్తే ఛార్జీ ఎంతో అడగండి. ఫీజును లోనులోంచే కోసుకుంటారు కాబట్టి చేతికొచ్చే సొమ్ము కొంచెం తగ్గుతుంది, ఆ తేడా మీరు కలుపుకోవాలి. నాలుగైదు చోట్ల ఒకేసారి దరఖాస్తు పెట్టకండి. ప్రతి దరఖాస్తూ మీ రిపోర్టులో విచారణగా నమోదై స్కోరును తగ్గిస్తుంది.

రెండోది బంగారం. బ్యాంకులో ఏడాదికి తొమ్మిదిన్నర శాతం చుట్టూ దొరికితే ఎనభై పైసల వడ్డీ అన్నమాట. నెలకు వెయ్యి. ఇప్పుడు కట్టే 6,250నే నెలనెలా గోల్డ్ లోను ఖాతాలో వేస్తూ పోతే 22 నెలల్లో నగ ఇంటికొస్తుంది.

మీ ఆవిడ భయం మాత్రం కొట్టిపారేసేది కాదు. గోల్డ్ లోనుల్లో ఎక్కువ భాగం ఏడాది చివర అసలూ వడ్డీ ఒకేసారి కట్టే పద్ధతిలో ఇస్తారు. నెలనెలా ఎవరూ అడగరు, ఏడాదయ్యాక గుండె గుభేలుమంటుంది. వడ్డీ మాత్రం కట్టి తిరగరాయిస్తారు. అలా రెండుమూడేళ్లు గడిచాక వేలం నోటీసు వస్తుంది. కాబట్టి మధ్యమధ్య అసలుకు జమ చేసుకునే వీలుందా అని ముందే అడిగి, జీతం పడిన మర్నాడే కట్టేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. నాలుగు తులాలూ పెట్టనక్కర్లేదు, 1,25,000కి సరిపడా నగ చాలు. రాళ్ల బరువు తీసేసి తూస్తారు, రసీదులో నికర బరువు, క్యారెట్ రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. లోను తీరాక 7 పనిదినాల్లో నగ తిరిగివ్వాలని, సంస్థ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన. నగ ఆవిడది, మాట కూడా ఆవిడదే. ఈ 22 నెలల లెక్క కాగితం మీద వేసి చూపించాకే అడగండి. ఒప్పుకోకపోతే మొదటి దారి ఉండనే ఉంది.

ఏ దారి పట్టినా కార్డు బాకీ తీరిన రోజే చేయాల్సిన పని ఒకటుంది. ఒక కార్డు మూసేయమని రాతపూర్వకంగా కోరండి. బాకీ లేకపోతే బ్యాంకు 7 పనిదినాల్లో మూసేయాలి, దాటితే రోజుకు 500 మీకివ్వాలి. రెండో కార్డు పరిమితిని 20,000కి తగ్గించమనండి. ఇది చేయనివాళ్లలో చాలామంది ఏడాది తిరిగేసరికి లోనూ కడుతూ, కార్డు బాకీ కూడా మళ్లీ మోస్తుంటారు.

ప్రశ్న: ఉద్యోగం పోయి పర్సనల్ లోను ఏడు నెలలుగా కట్టలేదు. బాకీ 1,40,000 అయింది. 65,000 కడితే సెటిల్ చేస్తామని ఏజెంటు ఫోన్ చేస్తున్నాడు. ఈ రోజే కట్టాలట, తన నంబరుకు ఫోన్‌పే చేయమంటున్నాడు. కట్టకపోతే పోలీసులొస్తారంటున్నాడు. – విశాఖపట్నం

జవాబు: ఏజెంటు సొంత నంబరుకు రూపాయి కూడా పంపకండి. అలా కట్టిన సొమ్ము లోను ఖాతాలో జమ కాక, రసీదు లేక, మళ్లీ మొత్తం కట్టాల్సి వచ్చినవాళ్లు ఉన్నారు.

పోలీసుల మాట ఉత్త బెదిరింపు. లోను కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం. జైలు దాకా పోయేది దొంగ కాగితాలు పెట్టి లోను తీసుకున్నప్పుడు, లేదా మీరిచ్చిన చెక్కు బౌన్సయి, నోటీసు వచ్చిన 15 రోజుల్లో కట్టనప్పుడు. ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కిస్తీ పోయే ఏర్పాటు బౌన్సయినా ఇలాంటి కేసు వేసే వీలుంది. కాబట్టి బ్యాంకు నుంచి గానీ వకీలు నుంచి గానీ రిజిస్టర్డ్ పోస్టు వస్తే తీసుకోకుండా తిప్పి పంపకండి. తీసుకుని, గడువులోగా జవాబివ్వండి. ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఇంటికొస్తే గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికారపత్రం చూపమనండి.

ఇక సెటిల్‌మెంట్. 65,000 కడితే మిగతాది మాఫీ అన్నది నిజమే కావచ్చు. కానీ మీ క్రెడిట్ రిపోర్టులో ఆ లోను ‘క్లోజ్డ్’ అని కాకుండా ‘సెటిల్డ్’ అని పడుతుంది. ఆ మాట చూసిన బ్యాంకు కొన్నేళ్ల దాకా ఇంటి లోనుకు మొహం చాటేస్తుంది. మీకు మళ్లీ ఉద్యోగం దొరికే ఆశ ఉంటే, సెటిల్‌మెంట్ కంటే ముందు లోను కాలం పెంచి కిస్తీ తగ్గించమని బ్రాంచి మేనేజరుకు రాసివ్వండి. ఉద్యోగం పోయిన ఉత్తరం, బ్యాంకు స్టేట్‌మెంట్ జతపరచండి. దారి మూసుకుపోయిందనుకున్నప్పుడే సెటిల్‌మెంటుకు వెళ్లండి. అప్పుడు కూడా బ్యాంకు లెటర్‌హెడ్ మీద లోను నంబరు, కట్టాల్సిన మొత్తం, తేదీ, ‘ఇది కడితే ఇక బాకీ లేదు’ అన్న వాక్యం ఉన్న ఉత్తరం చేతికొచ్చాకే, నేరుగా లోను ఖాతాకే కట్టాలి. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. లోను తీసుకున్నప్పుడిచ్చిన చెక్కులు వెనక్కి అడగండి.

నెలన్నర తర్వాత రిపోర్టు తీసి చూడండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ – నాలుగు సంస్థలూ ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పుంటే వాళ్ల సైట్లోనే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 చొప్పున పరిహారం వస్తుంది.

ప్రశ్న: ఒక యాప్‌లో 5,000 అప్పు అడిగితే ఖాతాలో 3,200 పడ్డాయి. వారంలో 5,000 కట్టమన్నారు. కట్టాను. ఇంకా ఉందని బెదిరిస్తున్నారు. నా ఫోటో మార్చి బంధువులకు పంపుతామంటున్నారు. అది కట్టడానికి ఇంకో యాప్‌లో తీసుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. – అనంతపురం

జవాబు: మీరు కట్టాల్సింది కట్టేశారు. 3,200కి వారానికి 1,800 అంటే నూటికి వారానికే 56 రూపాయలు. ఇంకో పైసా కట్టొద్దు. కట్టినకొద్దీ ‘బెదిరిస్తే కడతారు’ అని గుర్తుపెట్టుకుని మళ్లీ వస్తారు.

ఈ రోజే చేయాల్సినవి ఇవీ. వచ్చిన మెసేజీలు, నంబర్లు, యాప్ పేరు, డబ్బు పడిన, మీరు కట్టిన యూపీఐ లావాదేవీలు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి, ఆ ఫోన్లోనే కాకుండా ఈమెయిల్‌కు కూడా పంపి పెట్టుకోండి. యాప్ తీసేయడం దాని తర్వాతే, లేకపోతే ఆధారాలు పోతాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు ఇచ్చిన కాంటాక్టులు, గ్యాలరీ, ఎస్సెమ్మెస్ అనుమతులు రద్దు చేసి, యూపీఐలో ఆటోపే ఉంటే దాన్నీ రద్దు చేశాక యాప్ తొలగించండి. 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు నమోదు చేయించి, నంబరు రాసుకోండి. దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో కూడా ఇవ్వొచ్చు, మా పరిధి కాదని తిప్పి పంపకూడదు.

వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం మీ సిగ్గొక్కటే. వాళ్లు పంపకముందే మీరే కాంటాక్టుల్లో ఉన్నవాళ్లకు రెండు వాక్యాల మెసేజీ పెట్టండి: ‘నా ఫోన్ సమాచారం దొంగ లోన్ యాప్ చేతికి పోయింది. నా పేరుతో వచ్చే ఫోటోలు, మెసేజీలు నమ్మొద్దు, నంబరు బ్లాక్ చేయండి.’ ఇంట్లో ముందుగా ఒక్కరికైనా ఈ రాత్రే చెప్పండి, అమ్మకో అక్కకో. మనసు మరీ కుంగిపోతే టెలీ మానస్ 14416కు ఏ వేళకైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

రెండో యాప్ ఎవరిదో కూడా చూడండి. సక్రమమైన యాప్ వెనుక ఒక బ్యాంకో, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్సు సంస్థో ఉంటుంది. డబ్బు దాని ఖాతా నుంచే మీ ఖాతాకు రావాలి, వడ్డీ మొత్తం ఏడాదికెంతో చెప్పే పత్రం ముందే ఇవ్వాలి, కాంటాక్టులు, గ్యాలరీ అడగనే కూడదు. అలాంటి సంస్థదైతే ఆ అప్పు కట్టాల్సిందే, బెదిరించకుండా వసూలు చేసుకోవాల్సింది వాళ్లే. కాదంటే రిజర్వు బ్యాంకు వారి సచేత్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి.

ప్రశ్న: టిఫిన్ బండి నడుపుతున్నాం. డైలీ ఫైనాన్సులో 10,000 రాయించుకుని 9,000 ఇస్తారు. రోజుకు 100 చొప్పున వంద రోజులు. పది శాతమే కదా అని మూడేళ్లుగా తిప్పుతున్నాం. ఖాళీ ప్రోనోటు, ఖాళీ చెక్కు మీద సంతకాలు తీసుకున్నారు. – రాజమహేంద్రవరం

జవాబు: పది శాతం కాదండీ. మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతున్నారు కాబట్టి ఆ 9,000 వంద రోజులూ మీ దగ్గర ఉండదు. సగటున అందులో సగమే ఉంటుంది. ఆ లెక్కన వడ్డీ ఏడాదికి 78 శాతం చుట్టూ, అంటే నూటికి నెలకు ఆరు రూపాయలు దాటింది. ఊళ్లో మూడు రూపాయల వడ్డీ అంటే అమ్మో అనేవాళ్లు కూడా దీన్ని తేలిగ్గా కట్టేస్తారు, రోజుకు వందే కదా అని.

వీధి వ్యాపారులకు పీఎం స్వనిధి లోను ఉంది. హామీ అక్కర్లేదు. మొదటి విడత 15,000 దాకా, అది సక్రమంగా కడితే 25,000, ఆ తర్వాత 50,000. సకాలంలో కట్టినవాళ్లకు 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది. మున్సిపాలిటీ ఇచ్చే వెండింగ్ సర్టిఫికెట్ గానీ సిఫార్సు లేఖ గానీ, ఆధార్, బ్యాంకు ఖాతా కావాలి. మున్సిపల్ ఆఫీసులో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్లను కలవండి. మీ ఇంట్లో ఎవరైనా డ్వాక్రా గ్రూపులో ఉంటే అక్కడి లోను కూడా దీనికంటే ఎన్నో రెట్లు చవక. ఇప్పటి వంద రోజులు పూర్తికాగానే కొత్తది రాయించుకోకుండా ఆపి, రోజూ కట్టే ఆ వందను అదే వేళకు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేయండి. మూడు నెలల్లో 9,000 మీ సొంతం. తర్వాతి పెట్టుబడికి అదే చాలు.

సంతకాల సంగతి దీనికంటే ముఖ్యం. ఖాళీ ప్రోనోటు మీద స్టాంపు, సంతకం ఉంటే తీసుకున్నవాళ్లు అంకె నింపుకోవచ్చు, చట్టం అందుకు చోటిచ్చింది. చెక్కూ అంతే. తీరిన రోజే రెండూ వెనక్కి తీసుకుని సంతకం ఉన్న చోట చించేయండి. ఇవ్వకపోతే ‘ఫలానా తేదీకి బాకీ తీరింది, నా కాగితాలు ఇవ్వండి’ అని రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపి రసీదు దాచండి. ఆ చెక్కు నంబరుకు స్టాప్ పేమెంట్ పెట్టినంత మాత్రాన కేసు రాదనుకోకండి, అందుకే ఆ ఉత్తరం అవసరం. కట్టిన ప్రతి వందా కార్డులో రాయించి సంతకం పెట్టించుకోండి.

ప్రోనోటు మీద ఎక్కడ అప్పు తెచ్చినా కొంత కట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయాలి: తేదీ, మొత్తం, సంతకం. చెల్లు పడిన రోజు నుంచి, అప్పిచ్చినవాళ్లు దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు కొత్తగా మొదలవుతుందని కూడా తెలిసి ఉండాలి.

ప్రశ్న: మూడు మైక్రోఫైనాన్సు సంస్థల్లో గ్రూపు లోన్లు ఉన్నాయి. కిస్తీ తప్పితే రాత్రి దాకా ఇంటి ముందు కూర్చుంటున్నారు. – ఖమ్మం జిల్లా

జవాబు: మైక్రోఫైనాన్సు లోన్లకైతే ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదు, ఫోన్ కూడా చేయకూడదు. వసూలు ముందే అనుకున్న సెంటరు దగ్గరే. వరసగా రెండుసార్లు మీరు అక్కడికి రాకపోతేనే ఇంటికి రావాలి. ఇంటి మొత్తం ఆదాయంలో నెల కిస్తీలన్నీ కలిపి సగం దాటేలా లోను ఇవ్వనే కూడదు. దాటి ఇచ్చి ఉంటే మూడు పాసు పుస్తకాలూ పట్టుకుని ముందు ఆ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టండి, వివరాలకు 14448. ముందే తీర్చేస్తే జరిమానా లేదు కాబట్టి మూడింట్లో చిన్నది ముందు మూసేయండి. వడ్డీ కొంచెం అటూఇటూ అయినా వారంలో ఒక మీటింగు తగ్గుతుంది.

ప్రశ్న: స్నేహితుడి లోనుకు హామీ సంతకం పెట్టాను. అతను కట్టడం లేదు. ముందు అతని ఆస్తి మీదికి వెళ్లమని బ్యాంకును అడగొచ్చా? – కర్నూలు

జవాబు: అడగొచ్చు, బ్యాంకు వినాలని లేదు. కాంట్రాక్టు చట్టం ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాళ్లతో సమానం. మీ సిబిల్ కూడా దెబ్బతింటుంది. మీరు కడితే రసీదులన్నీ మీ పేరుతో తీసుకోండి, అతని మీద వసూలు దావా వేసే హక్కు మీకొస్తుంది. లోక్ అదాలత్‌లో ముగ్గురూ కూర్చుని తేల్చుకోవడం ఖర్చు లేని పద్ధతి. న్యాయ సేవాధికార సంస్థల హెల్ప్‌లైన్ నంబరు 15100.

ప్రశ్న: ఇద్దరం కలిసి 26,000 సంపాదిస్తాం. ఇద్దరు పిల్లలు. రేషన్ కార్డు ఉంది. దుబారా లేదు, అయినా ఏడాదికోసారి 50,000 అప్పు చేయాల్సి వస్తోంది. – నిజామాబాద్

జవాబు: మీ ఉత్తరంలోనే జవాబుంది: ‘ఏడాదికోసారి’. నెల ఖర్చు మీకు సరిపోతోంది. సరిపోనిది జూన్‌లో ఫీజులు, దసరా, బండి ఇన్సూరెన్సు, ఎవరింట్లోనో పెళ్లి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి కూడండి. ఉదాహరణకు ఫీజులు, పుస్తకాలు 32,000, పండుగలు, పెళ్లిళ్లు 10,000, ఇన్సూరెన్సు, బండి రిపేర్లు 6,000 అనుకుంటే 48,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 4,000. ఈ 4,000 నెల ఖర్చులో ఎక్కడా కనపడదు, అందుకే జూన్‌లో మూడు రూపాయల వడ్డీకి తెస్తున్నారు. ఏప్రిల్‌లో తీరేలా రికరింగ్ డిపాజిట్ పెట్టండి. మొదటి ఏడాది 4,000 కుదరకపోతే 2,000తో మొదలుపెట్టండి, అప్పు సగమవుతుంది. ఫీజును మూడు వాయిదాల్లో కడతామని స్కూల్లో మార్చిలోనే అడగాలి. జూన్‌లో అడిగితే వినరు. చీటీ వేయాలనుకుంటే రిజిస్ట్రారు దగ్గర నమోదైన చీటీయేనా అని నంబరు అడిగి చూడండి.

ఆ 2,000 ఎక్కడ దొరుకుతుందంటారా? తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితం. నలుగురికి 24 కిలోలు, అంటే బజారులో దొరికే 26 కిలోల బస్తాకు రెండు కిలోలే తక్కువ. కార్డులో పిల్లల పేర్లు ఎక్కాయో లేదో చూసుకోండి. 500కే సిలిండరు పథకం కింద, గ్యాసుకు ముందు పూర్తి ధర కట్టినా 500 పోను మిగతాది ఖాతాలో పడాలి. పడకపోతే ఆధార్ అనుసంధానం ఏ ఖాతాకుందో చూడండి, చాలాసార్లు మరచిపోయిన పాత ఖాతాలో జమవుతూ ఉంటుంది.

గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా కరెంటు బిల్లు లేదు. 201 అయితే ఒక్క యూనిట్‌కు కాదు, మొత్తం బిల్లు కట్టాలి. బిల్లు కొట్టిన రోజు రీడింగు గోడ మీద రాసి, ఇరవయ్యో రోజున మీటరు చూడండి. అప్పటికే 130 దాటితే మిగతా పది రోజులు గీజరు, ఇస్త్రీ పెట్టె తగ్గించాలి. ఇంట్లో పెద్దవాళ్లకు బీపీ, షుగరు మందులుంటే చీటీ మీద బ్రాండు కాకుండా మందు పేరే రాయమని డాక్టరునడిగి జన్ ఔషధి కొట్లో కొనండి. మెట్‌ఫార్మిన్, అమ్లోడిపిన్ లాంటివి అక్కడ సగం ధరకంటే తక్కువే. మోతాదు, ఎస్‌ఆర్ (మందు నెమ్మదిగా విడుదలయ్యే రకం) అన్న అక్షరాలు పాత అట్ట మీద ఉన్నట్టే ఉన్నాయో లేదో సరిచూసుకుని తీసుకోండి.